పొయ్యి ఆర్పకుండా

రా డనిత్సా. గొడుగు బయటే వదిలెయ్.
చిలోయే గాలి ముందు గొడుగులు నిలవవని
ఇక్కడ పుట్టినదానివి, నీకు నేను చెప్పాలా?
కూర్చో. ఆ కుర్చీ కాదు, అది పిల్లిది.

రేపటి నుంచి నీకూ ఉద్యోగం.
సముద్రంలో కొయ్యకాళ్ళ మీద నిలబడ్డ ఈ ఇళ్ళ వరుసలో
హాంబర్గ్ ఓడల సరుకు లెక్కలకి
ప్రోగ్రాములు రాసే రెండో మనిషివి.
మొదటిదాన్ని నేను, పదకొండేళ్ళుగా.

వాళ్ళ ఉదయం తొమ్మిది
మనకి చలికాలంలో మూడు, ఎండాకాలంలో ఐదు.
ఆ తేడా గడియారం కన్నా నా మోకాళ్ళకి బాగా తెలుసు.
మొదటి ఏడాదంతా మూడింటికే లేచాను.
ఎవరూ లెమ్మనలేదు.
నా పేరు పక్కన ఆకుపచ్చ చుక్క వెలుగుతుండాలని, అంతే.
ఆ చుక్కని మేపకు.
దాని కడుపు ఎప్పటికీ నిండదు.

తెలియనప్పుడు తెలియదని రాసెయ్.
ఒక తప్పు కోసం నాలుగు రోజులు గింజుకున్నాను ఒకసారి,
అడిగితే చులకనైపోతానని.
ఐదో రోజు వీబ్కెని అడిగితే
ఒక్క వాక్యంలో చెప్పి, కింద రాసింది:
నాకైతే వారం పట్టింది.

జీతం సంగతి.
మొదటి అంకె నీ నోట రానీకు.
నేను రానిచ్చాను.
కట్టెలు, బంగాళదుంపలు, అమ్మ మందులు,
ఈ ఊళ్ళో బతకడానికి ఎంతవుతుందో కూడి చెప్పాను.
వాళ్ళు వెంటనే ఒప్పుకున్నారు.
ఆ 'వెంటనే' ఖరీదెంతో
ఆరేళ్ళ తర్వాత, యోర్న్ తాగి నోరు జారితే తెలిసింది.
అడగందే అమ్మైనా పెట్టదు,
హాంబర్గ్ అమ్మ కూడా కాదు.

ఒక మంగళవారం మా జట్టులో తొమ్మిది మందిని తీసేశారు.
పదకొండు నిమిషాల్లో
తొమ్మిది పేర్లూ బూడిద రంగుకి తిరిగాయి.
వీబ్కె పేరు కూడా.
నాది మిగిలింది.
పనితనం వల్లే అనుకోవాలనిపిస్తుంది.
అనుకోకు.
ఆ రాత్రి ఆమెకి ఉత్తరం రాయబోయి
పన్నెండుసార్లు చెరిపాను.
చివరికి పంపింది ఇదీ: ఇక్కడ వాన పడుతోంది.
జవాబొచ్చింది: ఇక్కడా.

చిన్నప్పుడు మింగా చూశావు కదా?
ఇంటి కింద దుంగలు వేసి, ఎద్దుల్ని కట్టి,
ఊరంతా హో అని లాగి,
పోటు మీద తేల్చి అవతలి ఒడ్డుకి చేర్చడం.
మా తాత ఎవరిస్తో ఇల్లు అలా వచ్చిందే.
అమ్మమ్మ లోపలే ఉందట, పొయ్యి మీద కూరతో.
దిగవే అంటే
మాడిపోతుంది అందట.

పోయిన చలికాలం మేము
పద్నాలుగేళ్ళ పాత లెక్కల వ్యవస్థని కొత్తచోటికి అలాగే తరలించాం.
ఒక్క రసీదు ఆగలేదు.
ఒక్క ఓడ రేవులో నిలబడలేదు.
కదిలిందని ఎవరికీ తెలియలేదు. అదే మన పని.
కానీ మింగా అయ్యాక ఇంటాయన అందరికీ విందు పెట్టాలి కదా.
మాకు వచ్చింది
బొటనవేలి బొమ్మ ఒకటి.

అందుకే నేనే గుల్లలూ దుంపలూ ఉడికించి
వీధి వీధంతా పిలిచాను.
ఎందుకింత అన్నారు.
ఇల్లు తరలించాం అన్నాను.
ఏదీ, చూపించు, అన్నాడు మీ నాన్న.
కంప్యూటర్ తెరిచి చూపించాను.
పాపం, చాలాసేపు చూశాడు.
బరువుగానే ఉండి ఉంటుంది, అన్నాడు.
ఆ మాట మాత్రం ఇంతవరకూ
ఏ మేనేజరూ అనలేదు నాతో.

వింటున్నావా, నేల కింద? పోటు మొదలైంది.
ఇక వెళ్ళి పడుకో.
రేపు మూడింటికి నీ కిటికీలో దీపం కనిపించిందో
వచ్చి నేనే ఆర్పేస్తాను.

నాకెలా తెలుస్తుందంటావా?
అదొక్కటీ అడక్కు.